మద్యపాన విముక్తికి సహవాస బలము

పంచమహాపాతకములలో సురాపాన మొకటియని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మహత్య, సురాపానము, స్తేయము, గురుతల్పగమనము అను నాలుగింటిని చెప్పి, వానిని చేసినవారితోడి సంసర్గమును ఐదవదిగా లెక్కించినవి. ఈ ఐదవ మాటను ఆస్తిక గృహములవారు బాగుగ జ్ఞప్తియం దుంచుకొనిరి. త్రాగువాని ప్రక్కన కూర్చుండరాదు, వాడు మనవాడని నలుగురిలో చెప్పుకొనరాదు అను కట్టుబాటునకు బలము దీనివలననే కలిగినది. అయితే పాతకమును చెప్పిన శాస్త్రమే ప్రాయశ్చిత్తమును గూడ చెప్పినది. శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండలో సుగ్రీవుడు మధుపానమత్తుడై శ్రీరామచంద్రున కిచ్చిన మాట మరచి యుండగా, లక్ష్మణస్వామి మహాక్రోధముతో వచ్చి పలికిన పలుకులలో, సురాపాయికి నిష్కృతి కలదు గాని కృతఘ్నునకు లేదను భావము కనబడును. కోపము మిన్నుముట్టిన వేళ గూడ ఆ మహానుభావుడు త్రాగినవానికి దారి మూసివేయలేదు. ఆ దారి నేటి గృహస్థున కెక్కడ దొరకును? ఇక్కడ విచారింపదగిన దదియే.

సామాన్యముగ ఇండ్లలో మొదట అవలంబింపబడు ఉపాయము ప్రమాణము. తల్లియో భార్యయో వానిని వెంటబెట్టుకొని కొండ కెక్కించి, తలనీలములు సమర్పింపజేసి, స్వామి సన్నిధిని ఇక త్రాగనని ఒట్టు పెట్టించును. కొందరు బిడ్డ తలపై చేయి వేయింతురు. కొందరు కర్పూర మార్పించి మాట తీసికొందురు. ఆ క్షణమున వాడు పెట్టిన ఒట్టు బూటకము కాదు. వాని కన్నీరు గూడ నిజమైనదే. అయినను దిగి వచ్చిన కొన్నాళ్లకు మరల త్రాగును. అప్పుడు దైవమునకు ద్రోహము చేసితినను భయము వానిని పట్టుకొనును. ఆ భయమును మరచుటకు మరికొంత త్రాగును. ఇంటివారు 'వీనికి భక్తి లేదు, వీడిక బాగుపడడు' అని తీర్మానించుకొందురు.

ఈ తీర్మానము సరికాదనుటకు అయ్యప్ప దీక్షయే నిదర్శనము. ఏడాది పొడుగున త్రాగువాడు మాల వేసికొన్న నలువదియొక్క దినములు చుక్క ముట్టకుండుట ఎన్నో ఊళ్లలో చూచుచున్నదే. మాల తీసిన సాయంకాలమే మరల దుకాణము దారి పట్టుటయు చూచుచున్నదే. ఆ నలువది యొక్క దినములు వానిని నిలిపినది ఒక్క ప్రమాణమేనా? తెల్లవారుజామున చన్నీటి స్నానము, వేళకు భిక్ష, సాయంకాలము పీఠము కడ భజన, ఎదురైన ప్రతివారును 'స్వామీ' యని పిలుచు మన్నన, వీనికి మించి తనవలెనే దీక్షలో నున్న తోడి స్వాముల సాంగత్యము వానిని చుట్టును గోడకట్టినట్లు కాపాడినవి. మాల తీసిననాడు మాలతో పాటు ఇవి యన్నియు ఒక్కసారిగ తొలగిపోవును. సాయంకాలము ఆరుగంటల వేళ మాత్రము ప్రతిదినము వచ్చును. ఆ వేళకు వాడు ఒంటరివాడు. కావున వానికి కొరవడినది భక్తి కాదు, తోడు. ఆ తోడు నలువది దినములకు గాక ఏడాది పొడుగునను, ఏండ్ల తరబడియు దొరకు చోటు కావలెను.

కొందరు నేరమంతయు దుకాణముపై మోపుదురు. ఇందు సత్యము లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై నడిపిన పోరాటము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. ఎన్నో కాపురములకు ఆ దినములలో ఊరట కలిగినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. ద్వారకలోను ఇట్లే జరిగినది. మునిశాపమునకు వెరచి, నగరమున ఎవ్వరును మద్యము కాచరాదని, కాచినవానికి మరణదండన తప్పదని చాటింపు వేయించిరని మౌసలపర్వము చెప్పుచున్నది. నగరములో ఆ ఆజ్ఞ నిలిచినది. ప్రభాసతీర్థమునకు పోయిన యాదవులు అచట శ్రీకృష్ణుని కన్నులయెదుటనే త్రాగిరి. త్రాగి సాత్యకి కృతవర్మలు మాట మాట అనుకొనిరి. తుంగను పెరికి ఒకరినొకరు కొట్టుకొని నశించిరి. సాక్షాద్భగవంతుని సన్నిధియు, రాజాజ్ఞయు ఉండగనే జరిగిన దిది. ఆజ్ఞ దుకాణమును మూయగలదు. లోపలి దాహమును మూయుటకు వేరొక సాధనము కావలెను.

వైద్యులు ఈ దాహమును వ్యాధిగ పరిగణింతురు. అమెరికా దేశపు వైద్యసంఘము 1956లోనే ఈ మాట ప్రకటించినది. దీర్ఘకాలము మితిమీరి త్రాగినవాని మెదడు మద్యమున కలవాటుపడి, అది లేనప్పుడు తన పని తాను సరిగ చేసికొనజాలదు. భారతదేశమున మత్తుపదార్థముల వాడుకపై 2019లో వెలువడిన కేంద్రప్రభుత్వ నివేదిక ప్రకారము సుమారు 5 కోట్ల 70 లక్షల మందికి మద్యము వలన కలిగిన చెరుపునకు సహాయము కావలసియున్నది. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు ఆ నివేదికలో నున్నది. తక్కిన 37 మంది ఇండ్లలో తలుపులు మూసికొని ఉన్నారన్నమాట.

యాత్రికులు ముఖ్యముగ ఎరుగవలసిన విషయ మొకటి కలదు. తిరుమల కొండపై మద్యము నిషిద్ధము. ప్రతిదినము అధికముగ త్రాగువానిని మ్రొక్కు పేరిట ఒక్కసారిగ మానిపించి యాత్రకు తెచ్చినప్పుడు, కడపటి సారి త్రాగిన కొన్ని గంటలకే చేతులు వణకుట, చెమటపట్టుట, నిద్రలేమి మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినములోపల మతి చెదరి, లేనివి కన్నులకు గట్టి, జ్వరమువచ్చి, కొందరిలో ప్రాణాపాయము గూడ కలుగవచ్చును. ఇది గాలి సోకుట గాదు. స్వామి ఆగ్రహము గాదు. విభూతి పెట్టి, నిమ్మకాయ త్రిప్పి కాలము పుచ్చక తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను. అసలు అట్టివానిని వైద్యుని సలహా లేక హఠాత్తుగ మానిపింపనే రాదు. అట్లే వానికి తెలియకుండ అన్నములో మందు కలుపుట గొప్ప అపాయము. ఆ మందు కడుపులో నుండగా మద్యము సేవించినచో గుండె దడదడలాడి, రక్తపుపోటు పడిపోయి మరణము గూడ సంభవింపవచ్చును. ప్రేమతో చేసినను అది విషప్రయోగమునకు దగ్గరి పని.

మానిపించుట వైద్యుని పని. మానిన పిమ్మట మానియుండుట వేరొక పని. ఈ రెండవ పనికై పుట్టినదే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సహవాసము. సంక్షిప్తముగ ఎ.ఎ. యందురు. పేరు వెల్లడింపని మద్యపాన రోగుల కూటమి యని దీని కర్థము.

దీని పుట్టుక వినదగినది. 1935 మే మాసమున న్యూయార్కు నుండి బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ నగరమునకు వ్యాపారకార్యమై వచ్చెను. అతడు త్రాగుడుచే సర్వము పోగొట్టుకొని, ఆసుపత్రులపాలై, కొన్ని నెలల క్రిందటనే మానినవాడు. వచ్చిన పని చెడినది. హోటలు ముందరి హాలులో ఒంటరిగ నిలిచియుండగా ఒక వైపు మద్యశాల నుండి నవ్వులు వినబడుచున్నవి. మరియొక వైపు టెలిఫోను ఉన్నది. త్రాగవలెనను కోరిక బలముగ పుట్టిన ఆ క్షణమున అతనికి తోచిన దొక్కటే: తనవంటి త్రాగుబోతు నొకనితో మాటలాడవలెను. అచట వ్రాసియున్న చర్చీల పట్టిక చూచి ఒక మతగురువునకు ఫోను చేసెను. ఆ మీదట ఒక సాధ్వి ద్వారా డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని పరిచయము లభించెను. ఆ వైద్యుడును మహా త్రాగుబోతు. పావుగంటకు మించి కూర్చుండనని వచ్చినవాడు గంటల తరబడి కూర్చుండెను. అంతకుముందు ఎందరో అతనికి నీతులు చెప్పిరి. ఈ వచ్చినవాడు నీతి చెప్పలేదు. తన కథ చెప్పుకొనెను. డాక్టరు బాబ్ కడపటి సారి త్రాగినది 1935 జూన్ 10వ తేదీన. ఎ.ఎ. వారు ఆ దినమునే తమ సంస్థకు జన్మదినముగ భావింతురు. వెంటనే ఆ యిరువురును నగరపు ఆసుపత్రిలో పడియున్న మూడవవానిని వెదకుకొని పోయిరి.

ఇందలి కీలకమును గుర్తింపవలెను. బిల్ విల్సన్ ఆ దినమున ఉద్ధరింప బోయినది వైద్యుని గాదు, తన్ను తాను. ఎదుటివానికి చేయూత నిచ్చువాడు ఆ చేయూతతోనే తాను నిలుచును. ఏనాడో మానినవారు ఏండ్లు గడచినను సమావేశములకు వచ్చుచుండుట ఇందువలననే.

1939లో వెలువడిన వీరి గ్రంథమున పండ్రెండు మెట్లు చెప్పబడినవి. మద్యము ముందు తాను అశక్తుడనని ఒప్పుకొనుట మొదటి మెట్టు. తనకంటె గొప్ప శక్తి తన్ను స్వస్థపరుపగలదని నమ్ముట రెండవది. తనకు తెలిసిన విధమున భగవంతుని పరముగ తన్ను ఒప్పగించుకొనుట మూడవది. ఆ పిమ్మట తన దోషములను జాబితా వ్రాసికొని మరియొకరి యెదుట చెప్పుకొనుట, తాను హాని చేసినవారిని గుర్తించి, వారికి మరింత కీడు కలుగని పక్షమున ఆ హానిని సరిదిద్దుట, ప్రార్థన ధ్యానములు, తుదకు తనవంటి ఇతరులకు ఈ మాట చేరవేయుట.

శరణాగతి శాస్త్రము నెరిగిన వైష్ణవులకు ఈ మొదటి మూడు మెట్లు క్రొత్తవిగ తోచవు. ప్రపత్తికి చెప్పబడిన అంగములలో కార్పణ్యము కలదు. తనకు వేరు దిక్కు లేదని, తన వలన కాదని నిష్కపటముగ ఎరుగుటయే అది. రక్షించునను విశ్వాసము, ఆత్మనిక్షేపము గూడ కలవు. అయితే పోలిక చూపుటయే గాని ఒకటి మరియొకదాని నుండి వచ్చినదనుట కాదు. ప్రపత్తి మోక్షార్థము ఒక్కమారు చేయబడునది. ఇచట కోరబడునది ఈ ఒక్క దినము త్రాగకుండుట, దానిని ప్రతి ఉదయము మరల కోరవలెను. ఈ భేదమే రోగికి మేలు చేయునది. జన్మాంతము త్రాగనని కొండపై పెట్టిన ఒట్టు వాని భుజములపై నలువది ఏండ్ల బరువు మోపినది. ఈ ఇరువది నాలుగు గంటలు త్రాగనను సంకల్పము సంధ్యావందనపు సంకల్పము వంటిది, నేటిది నేటికే.

మొదట ఈ సహవాసము క్రైస్తవ భక్తబృందమొకదాని నీడలో పెరిగిన మాట నిజము. కాని కొద్ది ఏండ్లలోనే దాని నుండి విడివడినది. భగవంతుని 'తనకు తెలిసిన విధమున' అను మాట గ్రంథములో చేరుటకు కారణము నమ్మకము లేని సభ్యులు కొందరు పట్టుబట్టుటయే. అందుచేత శ్రీనివాసుని నమ్మినవాడు శ్రీనివాసునే తలచుకొనవచ్చును. ఏ మతములోనికి మారుమని ఎవ్వరును అడుగరు.

భారతదేశమున ఈ సహవాసము 1957లో ఢిల్లీలో ఆరంభమైనది. దేశమంతటి వ్యవహారములు చూచు కార్యాలయము ముంబయిలో కలదు. హైదరాబాదు సికిందరాబాదులలోను, విశాఖపట్టణములోను, చెన్నై, బెంగుళూరు వంటి తెలుగువారున్న నగరములలోను గ్రూపులు జరుగుచున్నవి. తన ఊరికి దగ్గరలో ఏది యున్నదో తెలిసికొనుటకు మార్గములు సులభమైనవే. ఎ.ఎ. వారి భారతదేశపు వెబ్‌సైటులో ఊరి పేరునుబట్టి చూడవచ్చును. అచటి సహాయ ఫోనునకు మాటలాడినచో త్రాగుడు మానిన సభ్యుడొకడే బదులు చెప్పును. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యవిభాగమును అడుగుట మరియొక మార్గము. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయము, విశాఖపట్టణము చినవాల్తేరులోని ఆసుపత్రి ఇట్టి రోగులను చూచునవి. మత్తు మాన్పించు కేంద్రములవారికి ఏ గ్రూపు ఎక్కడ, ఏ వారమున కూడునో సాధారణముగ తెలిసియుండును. 14446 అను ఉచిత ఫోను మత్తు విముక్తికై కేంద్రప్రభుత్వము పెట్టినది. 14416 అను టెలిమానస్ ఫోనున తెలుగులోను మానసిక సలహా దొరకును. ఊరిలో గ్రూపు లేనివారికి 2020 తరువాత సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను జరుగు సమావేశములు విస్తరించినవి. అమెరికా వంటి దేశములలో నున్న తెలుగువారు 'మీటింగ్ గైడ్' అను ఎ.ఎ. వారి యాప్‌లో తమ వీథికి దగ్గరి సమావేశమును, వేళతో సహా చూచుకొనవచ్చును.

పట్టికలో 'ఓపెన్', 'క్లోజ్డ్' అను రెండు మాటలు కనబడును. మొదటిదానికి ఎవరైనను పోవచ్చును. భార్యయో అన్నయో తోడు పోయి వెనుక కూర్చుండవచ్చును. రెండవది త్రాగుడు మానవలెనను కోరిక గలవారికి మాత్రమే. మొదటి సారి పోవువాడు తోడు కావలెననుకొన్నచో ఓపెన్ సమావేశమున్న దినమును చూచుకొనుట మంచిది. బయలుదేరుటకు ముందు ఒకసారి ఫోను చేసి విచారింపవలెను. చోటు గాని వేళ గాని మారియుండవచ్చును. అంత ధైర్యము తెచ్చుకొని పోయినవాడు తాళము వేసిన తలుపు చూచినచో మరల పోడు.

లోపల ఏమి జరుగునో తెలియకపోవుటయే చాలమందిని వాకిట నిలుపుచున్నది. కావున ఇది కొంచెము వివరముగ చెప్పదగును. కొన్ని కుర్చీలు, గోడపై మెట్లు వ్రాసిన పటము, ఒక మూల టీ. గంట లేక గంటన్నర కాలము. ఒక సభ్యుడు అధ్యక్షత వహించి సంస్థ స్వరూపమును తెలుపు నాలుగు మాటలు చదువును. పిమ్మట ఒక్కొక్కరు తమ ఇంటిపేరు లేకుండ పేరు మాత్రము చెప్పి, తాను మద్యపాన రోగినని చెప్పి, తన కథ చెప్పును. ఎట్లుండెను, ఏమి జరిగెను, ఇప్పుడెట్లున్నది, ఇంతే. ఒకరు మాటలాడుచుండగా మరియొకరు అడ్డురారు, ఖండింపరు, సలహా లీయరు. క్రొత్తవాడు మాటలాడవలెనను నిర్బంధము లేదు. వినుటకు వచ్చితినని చెప్పి ఊరకుండవచ్చును. హాజరుపట్టీ లేదు, చందా లేదు. గది అద్దెకును టీకిని సంచి యొకటి త్రిప్పుదురు, ఇష్టమున్నవాడు వేయును. బయటివారి విరాళములు తీసికొనరాదని వారి నియమము. చివర అందరును లేచి చిన్న ప్రార్థన చేసి విడిపోవుదురు. విన్నది, చూచినది అచటనే విడిచి రావలెనను మర్యాద అందరును పాటింతురు. సభ్యత్వమున కొక్కటే అర్హత: త్రాగుడు మానవలెనను కోరిక. పూర్తిగ మానియుండవలెనని గూడ లేదు.

పోవుటకు సంకోచించువారు సామాన్యముగ చెప్పు మాటలు మూడు. ఎవరైన చూతురేమో యనునది మొదటిది. దుకాణము ముందు పదిమందిలో నిలుచుటకు జంకనివాడు సమావేశపు వాకిట జంకుట విచిత్రమే. కాని ఆ జంకు నిజమైనది, దానిని ఎగతాళి చేయరాదు. అచట చూచు ప్రతివాడును అదే కారణమున వచ్చినవాడని తెలిసినచో అది కొంత తగ్గును. సమావేశము చర్చి ఆవరణలో నున్నదనునది రెండవది. పలుచోట్ల అట్లే యుండును. సాయంకాలము తక్కువ అద్దెకు గది యిచ్చువారు వారు. పాఠశాలలు, ఆసుపత్రులు గూడ ఇచ్చుచున్నవి. గది యజమాని మతముతో లోపలివారికి సంబంధము లేదు. ఊర్ధ్వపుండ్రముతో పోయినవానిని దానిని తుడువుమని ఎవ్వరును అనరు. ఇంకొక మాట. దేవాలయముల చెంత, మఠముల చెంత ఖాళీగ నున్న గది వారమున కొక గంట ఇట్టి పనికి ఇచ్చినచో ఈ రెండవ సంకోచ మే లేకపోవును.

మూడవది ఆరంభమున చెప్పిన సంసర్గదోషము. త్రాగుబోతుల నడుమ కూర్చుండుట తగునా? పాతకము చేయుచున్నవానితో కూడి పాతకమందు పాల్గొనుట సంసర్గదోషము. పాతకమును విడిచి ప్రాయశ్చిత్తమున నున్నవారితో కూర్చుండి తానును విడుచుట సత్సంగము. రోగికి నిజముగ వర్జింపవలసిన సంసర్గము ఎక్కడనో కాదు, తన పాత స్నేహితుల బల్ల చుట్టును. జాతి, వృత్తి, ధనము అచట అడుగరు. పట్టెడు బట్టలతో వచ్చిన కూలివాడు బ్యాంకు అధికారికి ధైర్యము చెప్పుట ఇట్టి సమావేశములలో సహజము. స్త్రీలు సైతము ఈ వ్యాధిచే బాధపడుదురు. వారు చెప్పుకొనుట మరింత కష్టము. కొన్ని నగరములలో స్త్రీలకు వేరు సమావేశములున్నవి. లేనిచోట ఫోనులో ముందుగ ఒక స్త్రీ సభ్యురాలితో మాటలాడవలెనని కోరవచ్చును.

దీనివలన ప్రయోజనమున్నదా యను ప్రశ్నకు 2020లో కోక్రేన్ అను వైద్యపరిశీలన సంస్థ బదులిచ్చినది. 10,565 మందిపై జరిగిన 27 పరిశోధనలను కూడదీసి చూడగా, ఈ మెట్ల మార్గమున రోగులను క్రమబద్ధముగ ప్రవేశపెట్టిన చికిత్స, పూర్తిగ మానియుండు విషయమున తక్కిన ప్రసిద్ధ చికిత్సల కంటె మెరుగుగనే యున్నదని తేలినది. అట్లని అందరికిని ఇదియే మందనుట గాదు. ఈ మార్గము పొసగనివారికి వైద్యుడు, మందులు, ఇతర సలహాకేంద్రములు ఉన్నవి. సమావేశములకు వచ్చితిని గదా యని వైద్యుడిచ్చిన మందు మానుట మాత్రము కూడదు.

ఒకసారి పోయి 'నాకు నచ్చలేదు' అని చెప్పువారు అనేకులు. ఒక గ్రూపు నచ్చకున్న మరియొకటి చూడవలెను. ఒకచోట వయసు మీరినవారు, మరియొకచోట పడుచువారు, ఒకచోట హిందీ, మరియొకచోట తెలుగు. భగవద్రామానుజులు తిరుమంత్రార్థమునకై శ్రీరంగము నుండి తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది మారులు నడచిరని గురుపరంపర చెప్పుచున్నది. ఒక సారికే తిరస్కరింపబడితినని ఆ మహనీయుడు ఊరకుండలేదు. బస్సులో అరగంట ప్రయాణమునకు ఆరు సారులైన పోయి చూచుట ఎక్కువ కాదు. కొన్నాళ్లు వచ్చిన పిమ్మట తనకంటె ముందు మానినవానిని ఒకనిని స్పాన్సరుగ కోరుకొందురు. అర్ధరాత్రి దాహము పుట్టినప్పుడు ఫోను చేయుట కొకడున్నాడను ధైర్య మది. నడుమ తప్పి త్రాగినవానిని వెళ్లగొట్టరు. తప్పిన మరునాడు రావలసినది ఆ చోటికే. సిగ్గుచే రాకపోవుటయే అసలు ప్రమాదము.

ఇక ఇంటివారి మాట. సీసాలు వెదకి పారబోయుట, ఆఫీసునకు జ్వరమని అబద్ధము చెప్పుట, అప్పులు తీర్చుట, బంధువులు వచ్చిన దినమున గదిలో పెట్టి గొళ్లెము వేయుట, ఇవి ఏండ్ల తరబడి చేసి చేసి ఇల్లాలు తానే రోగియగును. తన తప్పు వలన భర్త త్రాగుచున్నాడని నమ్ము ఇల్లాండ్రు కొల్లలు. అత్తవారు అట్లు నమ్మించు ఇండ్లును కలవు. త్రాగుడు ఆమె వలన పుట్టలేదు, ఆమె వలన పోదు. రోగుల కుటుంబములకై 'అల్-అనాన్' అను వేరొక సహవాసము 1951లో ఏర్పడినది. బిల్ విల్సన్ భార్య లోయిస్ దానిని స్థాపించినవారిలో నొకరు. యౌవనమున నున్న పిల్లలకు 'అలటీన్' కలదు. భర్త సమావేశమునకు రానని భీష్మించినను భార్య తన సమావేశమునకు పోవచ్చును. ఎవరి అనుమతికిని వేచియుండ నక్కరలేదు. పలు ఇండ్లలో మొదట పోయినది భార్యయే, ఆ పిమ్మటనే భర్త. అయితే వాడు కొట్టుచున్నచో సమావేశము కంటె ముందు ఆమెకును పిల్లలకును క్షేమమైన చోటు చూచుట అవసరము; 181 అను స్త్రీల సహాయ ఫోను అందుకై యున్నది.

మానినవాడు ఇంటికి వచ్చిన పిమ్మట కొన్ని చిన్న విషయములలో జాగ్రత్త కావలెను. ద్రాక్షాసవము, దశమూలారిష్టము మొదలగు ఆసవారిష్టములలో పులియుటచే పుట్టిన మద్యాంశ కలదు. ఆయుర్వేద వైద్యునకు తన స్థితి చెప్పి చూర్ణమో కషాయమో అడుగవలెను. దగ్గుమందుల సీసాపై అట్టను చదువవలెను. పెండ్లిండ్లలో బంధువులు 'ఒక్క రోజునకేమి' అని బలవంతపెట్టుదురు; ఇంటివారు అతనిని అట్టి పందిరిలో ఒంటరిగ విడువరాదు, త్వరగ లేచివచ్చుటకు ముందే ఏర్పాటు చేసికొనవలెను. పాత ఒట్టులను, పాత అప్పులను ప్రతి పూట ఎత్తిచూపుట మానవలెను. అతడు సాయంకాలము సమావేశమునకు పోవునప్పుడు 'ఇన్నాళ్లు త్రాగుటకు పోతివి, ఇప్పుడు దీనికి పోవుచున్నావు, ఇంటిపట్టున ఎన్నడుందువు' అను మాట సహజముగ నోటికి వచ్చును. వచ్చినను మ్రింగుట మేలు.

యాత్రలకు బయలుదేరునప్పుడు అనుభవజ్ఞులైన సభ్యులొక పని చేయుదురు. రైలు టిక్కెట్టు, సత్రములో గది చూచుకొన్నట్లే, పోవు ఊరిలోను దారిలోని పెద్ద ఊరిలోను సమావేశమే వారమున, ఎన్ని గంటలకు, ఎక్కడ కలదో ముందుగ విచారించి కాగితముపై వ్రాసికొని జేబులో నుంచుకొందురు. సమావేశము లేని ఊరైనచో స్పాన్సరు ఫోను నంబరు దాని క్రింద వ్రాసికొందురు. ఆ కాగితమును ఇంటి ఇల్లాలు గూడ ఒక ప్రతి తీసి తన సంచిలో నుంచుకొనుట మంచిది.